కానరాని దాత: పిల్లల నమ్మకము, పెద్దల సత్యము

పండుగ వచ్చుచున్నదనగానే పెద్దలకు ఖర్చు గుర్తుకు వచ్చును, పిల్లలకు రాత్రి గుర్తుకు వచ్చును. తాము నిద్రపోయిన తరువాత ఏదో జరుగునని, తెల్లవారి కన్ను తెరచుసరికి అది తలగడ ప్రక్కన ఉండునని పిల్లల ఆశ. క్రైస్తవ దేశములలో ఈ ఆశకు ఒక రూపము, ఒక పేరు ఏర్పడినవి. ఆ పేరు సాంటా క్లాజ్. తెలుగువారు ఆయనను క్రిస్మస్ తాత అందురు. ఎర్రని అంగీ, తెల్లని గడ్డము, భుజమున మూట. డిసెంబరు 24వ తేదీ రాత్రి మంచుదేశపు దుప్పులు లాగు బండిలో ఆకాశమార్గమున వచ్చి, ఇంటి పొగగొట్టము గుండా దిగి, పిల్లల మేజోళ్ళలో కానుకలు నింపి, ఎవరి కంట పడకుండ వెళ్ళిపోవునని కథ.

జైన వర్తక కుటుంబముల పిల్లలు కొందరు మిషనరీ పాఠశాలలలో చదువుకొందురు. డిసెంబరు నెలలో బడిలో ఈ తాతను చూచి ఇంటికి వచ్చి, "నాన్నగారూ, ఆ తాత నిజముగా ఉన్నాడా?" అని అడుగుదురు. "లేడు" అన్నచో పసివాని ముఖము వాడిపోవును. "ఉన్నాడు" అన్నచో అసత్యమగును. సత్యాణువ్రతమును పాటించు గృహస్థునకు ఇది తేలికగా తప్పించుకొనదగిన ప్రశ్న కాదు. పండుగ మరియొకరిదే గాని ప్రశ్న ఈ ఇంటిది కూడ. దీపావళినాడు క్రొత్త బట్టలు ఎవరు తెచ్చినారని అడుగు బిడ్డకు "లక్ష్మీదేవి పంపినది" అని నవ్వుచు బదులు చెప్పు తల్లులు లేకపోలేదు. కావున ఈ తాత ఎక్కడనుండి వచ్చినాడో, ఆయనను నమ్ముట వలన పిల్లలకు కలుగు మేలు కీడు ఏమో కొంచెము నిదానముగా చూచుట మంచిది.

ఈ కథకు మూలపురుషుడు నికోలస్ అను మతాచార్యుడు. ఆయన క్రీస్తుశకము నాలుగవ శతాబ్దములో, నేటి టర్కీ దేశపు దక్షిణతీరమున మైరా అను పట్టణమునకు బిషప్పుగా ఉండినాడు. ఆ ఊరిని ఇప్పుడు దెమ్రె అని పిలుచుచున్నారు. ఆయనను గురించిన కథలు చాలవరకు కొన్ని వందల ఏండ్ల తరువాత గ్రంథస్థమైనవే గనుక వానిని చరిత్ర అనుటకు వీలులేదు. అయినను అందులో ఒకటి మాత్రము వర్తకులు ప్రత్యేకముగా వినదగినది. ఒకప్పుడు బాగా బ్రతికి చెడిపోయిన ఒక గృహస్థునకు ముగ్గురు కుమార్తెలు. వారికి పెండ్లి చేయుటకు కట్నము లేదు. ఆ బిడ్డలను అమ్ముకొను దుర్గతికి అతడు దిగబోవుచున్నాడని నికోలస్‌కు తెలిసినది. పట్టపగలు వెళ్ళి సహాయము చేసిన ఆ కుటుంబమునకు తలవంపు. అందుచేత ఒక రాత్రి వారి కిటికీలోనుండి బంగారపు మూట లోపలికి విసరి వెళ్ళిపోయినాడు. పెద్దపిల్ల పెండ్లి అయినది. రెండవమారు అట్లే చేసినాడు. మూడవమారు ఆ తండ్రి నిద్ర మానుకొని కనిపెట్టుకొని ఉండి, వెంటబడి, ఆయన కాళ్ళపై పడినాడు. అప్పుడు నికోలస్ అతనిని కోరినది ఒక్కటే: ఈ సంగతి ఎవరికిని చెప్పవద్దని.

దుప్పుల బండి, పొగగొట్టము, ఎర్రని అంగీ అన్నియు తరువాత చేరిన అలంకారములే. ఈ మూడు మూటలే అసలు విత్తు. నికోలస్ నావికులకును, వర్తకులకును కూడ రక్షకుడని ఐరోపాలో ప్రసిద్ధి. 1087లో ఇటలీ దేశపు బారి రేవు నావికులు ఆయన అస్థికలను మైరా నుండి తమ ఊరికి తరలించుకొని పోయినారు. ఐరోపాలో కుదువవ్యాపారుల అంగళ్ళకు గుర్తుగా వ్రేలాడు మూడు బంగరు గోళములు ఈ మూడు మూటలకు చిహ్నములే అని కొందరు చెప్పుదురు. తాకట్టు అంగడికి గుప్తదాత బొమ్మ కట్టుట కొంచెము వింతయే!

ఆయన పండుగ డిసెంబరు 6. హాలెండు దేశపు పిల్లలు ఆయనను సింటర్‌క్లాస్ అందురు. ఆ పేరే అమెరికాలో సాంటా క్లాజ్ అయినది. 1823 డిసెంబరు 23న న్యూయార్కు రాష్ట్రములోని ట్రాయ్ పట్టణపు పత్రిక ఒకటి ఈ తాత రాకను వర్ణించు గేయమును కవి పేరు లేకుండ ప్రకటించినది. అది తనదని తరువాత క్లెమెంట్ మూర్ అను పండితుడు చెప్పినాడు. ఎనిమిది దుప్పుల బండి దానివలననే లోకమునకు తెలిసినది. 1863 మొదలుకొని థామస్ నాస్ట్ అను చిత్రకారుడు 'హార్పర్స్ వీక్లీ' పత్రికలో గీసిన బొమ్మలు ఆ తాతకు ఇప్పటి ఆకారమును స్థిరపరచినవి. తరువాత పెద్ద అంగళ్ళవారు ఆయనను తమ వాకిటికి తెచ్చుకొన్నారు. అంగడి వాకిట పిల్లలు చేరిన పెద్దలు కూడ లోపలికి వత్తురని వర్తకులకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక ఆ ప్రశ్న సంగతి. 1897వ సంవత్సరములో న్యూయార్కు నగరమున వర్జీనియా ఓహాన్లన్ అను ఎనిమిదేండ్ల బాలిక ఉండినది. ఆమె తండ్రి వైద్యుడు. తోటిపిల్లలు కొందరు సాంటా క్లాజ్ లేడని చెప్పగా ఆమె ఇంటికి వచ్చి తండ్రిని అడిగినది. ఆయన తేల్చి చెప్పలేదు. 'ది సన్' అను దినపత్రికకు వ్రాసి అడుగుమని, ఆ పత్రికలో ఏది పడిన అది నిజమని అన్నాడు. ఆ చిన్నది అట్లే వ్రాసినది. ఆ ఉత్తరమునకు బదులు వ్రాయు పని ఫ్రాన్సిస్ చర్చ్ అను సంపాదకునిపై పడినది. ఆయన అమెరికా అంతర్యుద్ధ కాలమున యుద్ధవార్తలు వ్రాసిన మనిషి. సంతానము లేనివాడు. సెప్టెంబరు 21వ తేదీ పత్రికలో, ఇతర సంపాదకీయముల క్రింద, వ్రాసినవారి పేరు లేకుండ ఆ సమాధానము అచ్చయినది. 1906లో ఆయన మరణించిన తరువాతగాని అది వ్రాసినది ఆయనయని లోకమునకు తెలియలేదు.

అందు ఆయన చెప్పిన భావము ఇది. నీ స్నేహితులు పొరబడినారు, కంటికి కనబడినదే నిజమనుకొను కాలపు సందేహము వారికి పట్టినది. ప్రేమ, ఔదార్యము, భక్తి ఉన్నట్లే సాంటా క్లాజ్ కూడ ఉన్నాడు, ఎవరును చూడనంత మాత్రమున లేడనరాదు అని. ఆంగ్లభాషలో ఇంతగా పునర్ముద్రణ పొందిన పత్రికాసంపాదకీయము మరొకటి లేదని చెప్పుకొందురు. 'ది సన్' పత్రిక 1950 జనవరిలో నిలిచిపోయినది గాని ఆ చిన్న సమాధానము నేటికిని నిలిచియున్నది.

అది అందమైన సమాధానమే. అయినను ఒక మాట అనకతప్పదు. ఆ బాలిక అడిగినది ఒకటి, ఆయన చెప్పినది మరొకటి. రాత్రిపూట ఇంటికి ఒక ముసలివాడు నిజముగా వచ్చునా అని ఆమె అడిగినది. లోకములో ఔదార్యము ఉన్నదని ఆయన బదులు చెప్పినాడు. రెండవది పరమసత్యము. మొదటిదానికి "అవును" అనుట మాత్రము చిక్కు. ఇదే సత్యాణువ్రతికి అడ్డుపడు చోటు.

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో అసత్యమునకు చెప్పిన లక్షణమున ప్రమాదము, అనగా కషాయములకు లోబడిన మనస్సు యొక్క ఏమరుపాటు, ప్రధానము. దానిపై పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధిలో ఇంకొంచెము విప్పి చెప్పినారు. మాట ఉన్నదానిని గురించినదైనను, లేనిదానిని గురించినదైనను, ప్రాణులకు పీడ కలిగించునది అప్రశస్తమనియు, అది పలుకుటయే అనృతమనియు ఆయన వ్యాఖ్య. దీనినిబట్టి తల్లిదండ్రులు విచారింపవలసినది రెండు విషయములు: ఈ కథ వలన ఎవరికైన పీడ ఉన్నదా? చెప్పువాని మనస్సులో ఏ కషాయము పనిచేయుచున్నది? (తూకము రాళ్ళ విషయమున ఈ వ్యాఖ్యను ఎవరును సాకుగా ఉదహరింపకుందురు గాక!)

మొదటి ప్రశ్నకు కొంత ఆధారము దొరకుచున్నది. 1994లో అమెరికాలో ఆండర్సన్, ప్రెంటిస్ అను ఇద్దరు పరిశోధకులు, సాంటా క్లాజ్‌పై నమ్మకము పోయిన 52 మంది పిల్లలను విడివిడిగా ప్రశ్నించినారు. వారి తల్లిదండ్రుల మాటలను కూడ సేకరించినారు. పిల్లలు సాధారణముగా ఏడేండ్ల వయస్సున, తమంతట తామే, నిజము కనుగొన్నట్లు తేలినది. తెలిసినప్పుడు వారికి కలిగిన భావములు చాలవరకు మంచివే. బెంగపడినది ఎక్కువగా తల్లిదండ్రులట!

ఈ ఫలితము మొదట నవ్వు పుట్టించును గాని తరువాత ఆలోచింపజేయును. పిల్లవాడు నమ్మకమును పోగొట్టుకొను తీరు చూచిన అది ఏడ్పు కంటె లెక్కను పోలియుండును. కానుకపై చీటీలోని అక్షరములు అమ్మ అక్షరముల వలె ఉన్నవి. చుట్టిన రంగు కాగితపు మిగులు ముక్క బీరువాలో దొరకినది. ఒక్క రాత్రిలో ఇన్ని ఇండ్లు తిరుగుట ఎట్లు? ఒక్కొక్క పద్దును ఎదుటి పద్దుతో సరిచూచి, కూడిక కుదరక, తప్పు ఎక్కడ ఉన్నదో పట్టుకొను గుమాస్తా పని అది. పట్టుకొన్నవానికి గర్వమే గాని దుఃఖమేల? పసితనమున కథ విని ఆనందించుట ఒక ఆట. ఆటలో బొమ్మకు అన్నము పెట్టు పిల్లకు బొమ్మ తినదని తెలియకపోలేదు. అట్టి ఆటలో పెద్దలు పాలుపంచుకొనుట అసత్యమని కఠినముగా అననక్కరలేదు.

కాని బిడ్డ ఆట విడిచి, కన్నులలోకి చూచి, "నిజము చెప్పండి" అని అడుగు రోజు ఒకటి వచ్చును. ఆ రోజున కూడ "ఉన్నాడు, నేను చూచినాను" అని బొంకు తండ్రి ఎవరి కొరకు బొంకుచున్నాడు? బిడ్డ నిజమును భరింపగలదని పరిశోధన చెప్పుచున్నది. భరింపలేనిది తండ్రియే. తన బిడ్డ ఇంకను పసిదిగానే ఉండవలెనను మోహము ఆయనది. రెండవ ప్రశ్నకు సమాధానము ఇక్కడ దొరకుచున్నది. మాట అదే, కథ అదే. నిన్నటివరకు ఆటయైనది ఆ క్షణమున రాగముతో పలికిన మాటగా మారుచున్నది.

పీడ సంగతి ఇంకను ముగియలేదు. కథలో ఒక అంగము ఉన్నది. సాంటా క్లాజ్ యొద్ద ఒక చిట్టా ఉండునట, మంచిపిల్లలెవరో చెడ్డపిల్లలెవరో అందులో వ్రాసి ఉండునట, మంచివారికే కానుకలట. అల్లరి మాన్పించుటకు పెద్దలు ఈ చిట్టాను బాగుగా వాడుకొందురు. ధనవంతుని కుమారునికి సైకిలు వచ్చినది, ఆ ఇంటిలో అంట్లు తోము ఆమె కుమారునికి ఏమియు రాలేదు. చిట్టా నిజమైనచో రెండవవాడు చెడ్డవాడనియే గదా అర్థము? తండ్రి చేతిలో పైకము లేకపోవుట బిడ్డ నడవడికి శిక్షగా మారినది. తాత లేడని తెలిసిన పిల్లవానికి కలుగని పీడ, తాత ఉన్నాడని నమ్మిన పేద పిల్లవానికి కలుగుచున్నది. ఈ కథలో హింస ఎక్కడైన ఉన్నచో అది ఇక్కడ ఉన్నది. పుణ్యపాపముల ఫలమును మొన్నటి నడవడికి నేటి కానుకగా చూపు ఈ లెక్క కర్మసిద్ధాంతము కూడ కాదు, దాని వికటరూపము.

ఈ పీడ ఉత్తరముల రూపమున అమెరికా తపాలాశాఖ బల్లలపైకి వచ్చి పడినది. సాంటా క్లాజ్ పేర పిల్లలు వ్రాసిన జాబులకు చిరునామా లేదు గనుక అవి పంపిణీ కాని ఉత్తరముల కుప్పలో చేరుచుండెను. 1907లో పోస్టుమాస్టర్ జనరల్ వానిని దాతలకు ఇచ్చుటకు అనుమతించినాడు. 1912లో మరియొక పోస్టుమాస్టర్ జనరల్, ఫ్రాంక్ హిచ్‌కాక్, ఊరూరి పోస్టుమాస్టర్లు ఆ జాబులను ఉద్యోగులకును పురజనులకును చూపి బదులు వ్రాయించుటకు ఏర్పాటు చేసినాడు. బొమ్మ కావలెనని వ్రాసినవారితోపాటు బూట్లు, చలికోటు కావలెనని వ్రాయు పిల్లలు కూడ ఉందురు. అట్టి జాబు చదివినవాడు తానే ఆ తాత కావలసి వచ్చును.

ఇందులో వర్తకులు గమనింపవలసిన ఒక అధ్యాయము ఉన్నది. 1913లో న్యూయార్కులో జాన్ గ్లక్ అను కస్టమ్సు దలాలీ వ్యాపారి 'సాంటా క్లాజ్ అసోసియేషన్' అను సంఘము స్థాపించినాడు. తపాలాశాఖవారు తమ యొద్దకు వచ్చిన జాబులను ఆ సంఘమునకు ఇచ్చుచుండిరి. స్వచ్ఛందసేవకులు పనిచేసినారు, పత్రికలు పొగడినవి, చందాలు వచ్చినవి. సాంటా క్లాజ్ పేర గొప్ప భవనము కట్టుదుమని కూడ ప్రకటించినారు. కొన్నేండ్లకు నగర ప్రజాసంక్షేమాధికారి లెక్క అడుగగా, వచ్చిన సొమ్ము ఎంత, పిల్లలకు చేరినది ఎంత అన్నదానికి సరియైన జవాబు రాలేదు. 1928లో తపాలాశాఖ ఆ సంఘమునకు జాబులిచ్చుట మానినది. దాత పేరు దాచుట వేరు, దానపు పద్దు దాచుట వేరు. మొదటిది గుణము. రెండవదానికి అవకాశమిచ్చిన ఏ ధర్మఖాతాయైనను ఎంతకాలము నిలుచును?

ఆ పని మాత్రము ఆగలేదు. తపాలాశాఖవారు నేటికిని దానిని నడుపుచున్నారు. 2020 నుండి దేశమంతట ఈ జాబులను ఇంటర్నెట్టులో చూపుచున్నారు. పిల్లవాని ఇంటి పేరు, చిరునామా చెరిపివేసి జాబును చూపుదురు. దాత ముందుగా తన గుర్తింపును రుజువు చేసికొనవలెను. కానుకను తపాలాకచ్చేరికి తెచ్చినచో వారే చిరునామా వేసి పంపుదురు. ఇచ్చినవారెవరో పుచ్చుకొన్నవారికి తెలియదు, పుచ్చుకొన్నవారి ఇల్లెక్కడో ఇచ్చినవారికి తెలియదు. విధి, ద్రవ్యము, దాత, పాత్రము అను నాలుగింటి విశేషమునుబట్టి దానమునకు విశేషము కలుగునని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. అందులో విధి అనునది ఎంత ముఖ్యమో ఈ తపాలా ఏర్పాటు చూచిన తెలియును. నికోలస్ కిటికీ పని ఇక్కడ నల్లసిరా చేయుచున్నది.

ఇక తాత లేడని తెలిసిన బిడ్డను ఏమి చేయవలెను? హాలెండువారు ఈ విషయమున ముందే ఆలోచించినట్లున్నారు. అక్కడ చిన్నపిల్లలు డిసెంబరు 5వ తేదీకి ముందు రాత్రులలో పొయ్యి దగ్గర తమ బూటు ఉంచి, అందులో సింటర్‌క్లాస్ గుఱ్ఱమునకు క్యారెట్టో ఎండుగడ్డియో పెట్టుదురు. (కోరువాడు ముందుగా ఒక మూగప్రాణికి మేత పెట్టవలెననుట జైనులకు నచ్చదగిన ఆచారము.) నమ్మకము పోయిన పెద్దపిల్లలకు ఆట అక్కడితో ముగియదు. ఇంటివారి పేర్లు చీటీలపై వ్రాసి, కలిపి, తలా ఒకటి తీయుదురు. ఎవరికి ఎవరి పేరు వచ్చినదో రహస్యము. తనకు వచ్చిన పేరుగలవారికి చిన్న కానుక సిద్ధము చేసి, దానిని ఎవరును పోల్చుకొనలేని వింత ఆకారమున చుట్టి, వారి అలవాట్లను వేళాకోళము చేయు పద్యమొకటి వ్రాసి జతపరచుదురు. క్రింద సంతకము మాత్రము సింటర్‌క్లాస్‌దే. నిన్నటివరకు ఆ పేరు నమ్మి పుచ్చుకొన్న బిడ్డ, నేడు ఆ పేరు వెనుక దాగి ఇచ్చుచున్నది. వాని చేతినుండి కథ జారిపోలేదు, కథలో వాని స్థానము మారినది.

ఇది జైన గృహములకు క్రొత్త సంగతి కాదు. మందిరములో భండారపు పెట్టెకు రంధ్రము చిన్నదిగా ఉండుటలో, వేసిన చేయి ఎంత వేసినదో ప్రక్కవానికి తెలియకుండుటలో ఉన్నది ఇదే. గుప్తదానము అని రసీదు వ్రాయించుకొను పెద్దలు ప్రతి ఊరను ఉన్నారు. అయితే ఆ పని పెద్దల చేతనే ముగియుచున్నది. పిల్లవానికి కనబడునది బోలీ వేలములో గట్టిగా పిలిచిన పేరు, పాలరాతిపై చెక్కిన పేరు. వానిని తప్పుపట్టనక్కరలేదు. ఆ పేర్లను చూచి ఇచ్చువారు కూడ ఉందురు. కాని ఏడెనిమిదేండ్ల బిడ్డకు పేరులేని దానపు రుచి చూపువారు తక్కువ. బడిలో పలకా పుస్తకములు లేని తోటివాని బల్లలో, వాడు రాకముందే, ఒక నోటుపుస్తకము ఉంచి రమ్మని పంపిన బిడ్డకు ఆ పగలంతయు కాలు నిలువదు. చెప్పవలెనని నోరు ఉబలాటపడును. చెప్పరాదని మనస్సు ఆపును. వాడు "ఇది ఎవరిది?" అని అందరిని అడుగుచున్నప్పుడు ఆ బిడ్డ ముఖమున కనబడు వెలుగు, తాను కానుక పుచ్చుకొన్ననాటి వెలుగు కంటె తక్కువది కాదు. ఆ సాయంత్రము ఇంటికి వచ్చి "ఎవరికీ చెప్పలేదు నాన్నగారూ" అని చెప్పునప్పుడు, తండ్రి చేయవలసినది ఒక్కటే. తాను కూడ దుకాణములో నలుగురితో ఆ మాట చెప్పుకొనక ఊరకుండుట. ఇది కొంచెము కష్టమే.

వర్జీనియా ఓహాన్లన్ పెద్దదై ఉపాధ్యాయిని అయినది. 1930లో డాక్టరేటు పొందినది. తరువాత, ఆసుపత్రులలో ఉండి బడికి రాలేని పిల్లలకు పాఠములు చెప్పు సంస్థలో పనిచేసి 1959లో విరమించినది. ఆమె ఎనిమిదేండ్లనాడు వ్రాసిన ఒక్క ఉత్తరము వలన జీవితాంతము ఆమెకు ఎక్కడెక్కడి పిల్లలో ఉత్తరములు వ్రాయుచునేయుండిరి. 1971లో మరణించువరకు ఆమె వారికి బదులు వ్రాయుచు, ప్రతి జాబులోను ఆ సంపాదకీయపు అచ్చుప్రతి ఒకటి మడిచి పంపుచుండెడిది.